తొమ్మిదో వారంలో చిగుళ్ల నుంచి రక్తం: వేవిళ్లు, పాచి, ఒక మొండి పాకెట్ (కేస్ స్టడీ)

27 ఏళ్ల స్త్రీ, తొలి చూలు, 9వ వారం. మూడు వారాలుగా బ్రష్ పెట్టగానే రక్తం వస్తోందని, రెండుసార్లు పొద్దున దిండు మీద ఎర్రటి మరక కనిపించిందని వచ్చారు. నోటి దుర్వాసన ఉంది. రోజుకు మూడు నాలుగు వాంతులు. పేస్టు వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పుతుంది. అందుకని పొద్దున బ్రష్ మానేసి వేలితో పళ్లు తోముకుంటున్నారు. రక్తం వచ్చే చోట బ్రష్ తగిలితే ఇంకా పాడవుతుందన్న భయంతో రాత్రిపూట కూడా ముందుపళ్లు మాత్రమే పైపైన తోముతున్నారు.

ఆమెకు అప్పటికే ఒక జవాబు దొరికింది: "కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే ఉంటుంది, కాన్పయ్యాక అదే పోతుంది." ఈ మాటలో సగం నిజం ఉంది. ఈ కేసు రాయడానికి కారణం మిగతా సగం. ఆ మాట నమ్మి పళ్లు చూడకుండా పంపేసి ఉంటే, గర్భంతో ఏ సంబంధమూ లేని ఎముక నష్టం ఒకచోట మరో ఏడాది పాటు వాపు చాటున దాగి ఉండేది.

ముందు అడగాల్సినవి

చిగుళ్ల రక్తానికి గర్భం ఒక్కటే కారణం అనుకునే ముందు రక్తం వైపు నుంచి రాగల కారణాలు తీసేయాలి. ఒంటి మీద కమిలిన మచ్చలు, ముక్కు నుంచి రక్తం, గర్భానికి ముందు నెలసరిలో అతిగా రక్తం పోవడం, ఇంతకుముందు పన్ను తీయించుకున్నప్పుడు రక్తం ఆగకపోవడం: వీటిలో ఏదీ లేదు. గైనకాలజిస్టు రాయించిన పరీక్షల్లో హిమోగ్లోబిన్ 11.2, ప్లేట్‌లెట్లు 2,10,000, తెల్లకణాల లెక్క మామూలుగానే ఉంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 5.3 శాతం. ఈ చివరిది ఎందుకంటే, అదుపులో లేని మధుమేహంలో చిగుళ్లు ఇలాగే ఉబ్బుతాయి, ఎముక కూడా త్వరగా పోతుంది.

మందుల్లో ఫోలిక్ యాసిడ్, వాంతులకు ఒక మాత్ర మాత్రమే ఉన్నాయి. ఈ ప్రశ్నను ప్రతి విజిట్‌లోనూ మళ్లీ అడగాలి. రక్తపోటు ముప్పు ఉన్న గర్భిణులకు 12 నుంచి 16 వారాల మధ్య తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం మామూలు. కొందరికి హెపారిన్ ఇంజెక్షన్లు కూడా ఉంటాయి, రెండూ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. ఆ సంగతి తెలియకపోతే నాలుగో నెలలో పెరిగిన రక్తాన్ని చూసి మన స్కేలింగ్ (పాచి, గార గీకి తీయడం) పనిచేయలేదనుకుంటాం. ఆ మందును ఆపమనే పని మాత్రం మనది కాదు.

చార్టు ఏం చెప్పింది

మొత్తం 28 పళ్లు, పన్నుకు ఆరు చోట్ల చొప్పున 168 కొలతలు. యూఎన్‌సీ-15 ప్రోబ్‌తో, అంటే మి.మీ. గీతలున్న సన్నటి పుల్లతో, పంటికి చిగురుకు మధ్య గాడి ఎంత లోతుందో దాదాపు 20 నుంచి 25 గ్రాముల ఒత్తిడితో కొలిచాం. లోతు పెరిగిన గాడినే పాకెట్ అంటారు. ఉబ్బిన చిగురు మెత్తగా ఉండి ప్రోబ్‌ను లోపలికి జారనిస్తుంది. అలవాటైన చెయ్యి కూడా ఒక మిల్లీమీటరు ఎక్కువ చదివే ప్రమాదం ఉంది, కాబట్టి గర్భిణిలో చెయ్యి ఇంకా తేలిగ్గా ఉండాలి.

ప్రోబ్ తాకగానే రక్తం వచ్చిన చోట్లు 86, అంటే 51 శాతం. 2018లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం 10 శాతం దాటితే చిగురువాపు, 30 దాటితే అది నోరంతా వ్యాపించినట్టు. పాచి రంగు వేసి చూస్తే 112 ఉపరితలాల్లో 81 మీద ఉంది, 72 శాతం. 4 మి.మీ. లేదా అంతకుమించి లోతున్న చోట్లు 23.

ఈ 23 చూసి 'పయోరియా' అని రాసేయడం తేలిక, కానీ తప్పు. పాకెట్ లోతు రెండు రకాలుగా పెరుగుతుంది. చిగురు అంచు పైకి ఉబ్బితే పెరుగుతుంది, పన్నును పట్టుకున్న అతుకు కిందికి జారినా పెరుగుతుంది. ప్రోబ్ మీద అంకె ఒకటే. తేడా తెలియాలంటే పంటి ఎనామెల్ ముగిసే గీటును ప్రోబ్ కొనతో తడిమి, చిగురు అంచు దానికి ఎంత పైన ఉందో కొలిచి, లోతులోంచి తీసేయాలి. 22 చోట్ల లోతు 4 లేదా 5, అంచు కూడా గీటుకు అంతే ఎత్తున ఉంది. అంటే అతుకు నష్టం సున్నా, అవి ఉత్తుత్తి పాకెట్లు. ఎడమవైపు కింది మొదటి దవడపన్ను (36) వెనక పక్కన మాత్రం లోతు 6, అంచు ఎత్తు 3. నష్టం 3 మి.మీ.

ఆ పంటికి నాలుగేళ్ల కిందటి పంటి రంగు ఫిల్లింగ్ ఉంది. ఎక్స్‌ప్లోరర్‌తో (కొస వంగిన సన్నటి పనిముట్టు) వెనక అంచు తడిమితే మెట్టులా తగిలింది. ఫ్లాస్ (పళ్ల సందుల్లో వేసే దారం) వేస్తే చీలికలై బయటికి వచ్చింది. ఒక్క ఎక్స్‌రేతో రెండు ప్రశ్నలు తేలతాయి: ఎముక ఎంత పోయింది, ఫిల్లింగ్ కింద పుచ్చు ఉందా.

ఎక్స్‌రే అనగానే ఆమె వెనక్కి తగ్గారు. గర్భస్థ శిశువు విషయంలో ఆందోళన మొదలయ్యే స్థాయిగా వైద్యులు ప్రమాణంగా తీసుకునేది 50 మిల్లీగ్రే (ఒంట్లోకి చేరే రేడియేషన్‌కు కొలమానం). పంటి ఎక్స్‌రే ఒక్కదానితో శిశువుకు చేరేది అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే గర్భంలో పంటి ఎక్స్‌రే, స్థానిక మత్తు, చిగుళ్ల శుభ్రత మూడూ సురక్షితమని, వాటిని వాయిదా వేయొద్దని రాసింది. సీసపు ఏప్రన్ అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో చెప్పింది, అయినా ఆమె మనసు కుదుటపడటానికి వేశాం. దీర్ఘచతురస్రపు కాలిమేటర్‌తో (కిరణాన్ని ఫిల్మ్ మేరకే పరిమితం చేసే అమరిక) ఒకటే బైట్‌వింగ్ (ఒక పక్క పై, కింది దవడపళ్లను కలిపి చూపే ఎక్స్‌రే) తీశాం. నోరంతటికీ తీయలేదు, ఎందుకంటే మిగతా చోట్ల చూపించే బొమ్మ చికిత్సను మార్చదు. ఫిల్లింగ్ దాదాపు 1 మి.మీ. బయటికి పొడుచుకొని ఉంది, దాని కింద ఎముక అంచు తగ్గింది, పుచ్చు లేదు.

రోగనిర్ధారణ ఇలా రాశాం: పాచి వల్ల వచ్చి, గర్భపు హార్మోన్లతో తీవ్రమైన, నోరంతా వ్యాపించిన చిగురువాపు. దానికి తోడు 36 దగ్గర ఫిల్లింగ్ అంచు వల్ల ఒక్క చోట అతుకు నష్టం. దీన్ని పెరియోడాంటైటిస్ (పన్నును పట్టుకున్న అతుకు, ఎముక పోయే జబ్బు, అదే పయోరియా) అనలేదు. పక్కపక్కన లేని కనీసం రెండు పళ్లకు సందు వైపున నష్టం ఉంటేనే సాధారణంగా ఆ పేరు పెట్టాలి, పైగా చెడ్డ ఫిల్లింగ్ లాంటి స్థానిక కారణంతో వివరించగలిగే నష్టం ఆ లెక్కలోకి రాదు. పేరు మారితే చికిత్స కూడా మారుతుంది: ఒకచోట ఫిల్లింగ్ సరిచేయాలి, మిగతా నోరంతా పాచి తీయాలి.

గర్భంలో చిగురు ఎందుకు రెచ్చిపోతుంది

1963లో హారల్డ్ లో, సిల్నెస్ అనే ఇద్దరు పరిశోధకులు గర్భిణుల చిగుళ్లను కొలిచి చూపించిన విషయం ఇప్పటికీ ఈ చర్చకు పునాది. రెండో నెల నుంచి వాపు పెరుగుతుంది, ఎనిమిదో నెలలో తారస్థాయికి చేరుతుంది, కానీ పాచి ఆ మేరకు పెరగదు. అంతే పాచికి చిగురు ఎక్కువగా స్పందిస్తుందన్నమాట. నెలలు నిండేసరికి రక్తంలో ప్రొజెస్టెరాన్, నెలసరి చక్రంలో ఉండే గరిష్ఠ స్థాయికి దాదాపు 10 రెట్లు, ఈస్ట్రోజెన్ దాదాపు 30 రెట్లు అవుతాయి. ప్రొజెస్టెరాన్ చిగురులోని సన్నటి రక్తనాళాలను వెడల్పు చేసి వాటి గోడలనుంచి ద్రవం ఊరేలా చేస్తుంది. ఈస్ట్రోజెన్ ప్రభావంతో చిగురు పైపొర పలచబడుతుంది. శిశువును తిరస్కరించకుండా ఒంటి రక్షణ వ్యవస్థ సర్దుకున్నప్పుడు చిగురులో తెల్లకణాల పనితీరు కూడా కొంత మందగిస్తుంది.

బాక్టీరియాలోనూ మార్పు వస్తుంది. 1980లో కార్న్‌మన్, లోషే గమనించింది ప్రివోటెల్లా ఇంటర్మీడియా అనే, గాలి అక్కర్లేని బాక్టీరియా వాటా పెరగడాన్ని. దానికి ఎదగడానికి విటమిన్ కె లాంటి పదార్థం కావాలి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ఆ స్థానంలో సరిపోతాయి. చిగురు గాడిలో ఊరే ద్రవం ఎక్కువైన కొద్దీ అందులోని హార్మోన్ ఈ బాక్టీరియాకు మేత అవుతుంది, రక్తం వస్తే ఇనుము కూడా దొరుకుతుంది. గర్భం మొదటి నెలల్లోనే నోటి బాక్టీరియా మొత్తం సంఖ్య, ముఖ్యంగా చిగుళ్ల జబ్బుతో ముడిపడిన పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ కనిపించడం, గర్భం లేని స్త్రీలకంటే ఎక్కువగా ఉన్నట్టు 2017లో జపాన్ పరిశోధకులు కూడా చూపించారు. ఇంకా కడుపు కూడా కనిపించని దశలో నోరు మారడం మొదలవుతుంది. ఈమెకు ఆరో వారంలో రక్తం మొదలవడంలో వింత లేదు.

ఇంత చెప్పినా, హార్మోన్ ఒక్కటే ఈ వాపు తేలేదు. పాచి లేని పంటి పక్కన చిగురు గర్భంలోనూ గులాబీ రంగులోనే ఉంటుంది. ఈ నోట్లోనే అది కనిపించింది: వేలు బాగా అందే పై ముందుపళ్ల బయటివైపు రక్తం వచ్చిన చోట్లు మూడే, వేలు అందని దవడపళ్ల లోపలివైపు దాదాపు అన్నీ. హార్మోన్ రెండు చోట్లకూ ఒకే రక్తంలో వచ్చింది.

బాక్టీరియా డీఎన్‌ఏ పరీక్ష చేయించాలా అని ఆమె అడిగారు. వద్దన్నాం. ఏ పేరు వచ్చినా చేయాల్సిన పని ఒకటే, పాచి, గార తీయడం. ఫలితం చూశాక భయం మాత్రం పెరుగుతుంది.

మొదటి విజిట్: 25 నిమిషాలు, అంతకుమించి వద్దు

మొదటి మూడు నెలలు ఏమీ చేయకుండా నాలుగో నెల దాకా ఆగాలన్న పాత నియమం చాలామంది దంతవైద్యుల్లో ఇంకా ఉంది. రెండో త్రైమాసికం సౌకర్యంగా ఉంటుందన్నది నిజం. వేవిళ్లు తగ్గుతాయి, కడుపు ఇంకా బరువెక్కదు. సౌకర్యం వేరు, ప్రమాదం వేరు. వాయిదా వేయగలిగింది అందం కోసం చేసే పనులు, పాత ఫిల్లింగుల మార్పు. రక్తం కారుతున్న చిగుళ్లను వాయిదా వేస్తే ఐదు వారాలు ఆమె బ్రష్‌కు మరింత దూరమవుతారు.

అపాయింట్‌మెంట్ ఆమెకు వికారం తక్కువగా ఉండే సాయంత్రం ఇచ్చాం. కుర్చీ సగం వాలు. నీళ్లు గొంతులోకి జారితే ఓకరింపు ఖాయం కాబట్టి అల్ట్రాసోనిక్ తక్కువ పవర్‌లో, నీళ్లు తగ్గించి, బలమైన సక్షన్ పన్ను పక్కనే పెట్టి, కింది ముందుపళ్లతో మొదలుపెట్టాం. దవడపళ్ల లోపలివైపు చేతి పనిముట్లే వాడాం. చెయ్యి ఎత్తితే ఆపుతామని ముందే చెప్పుకున్నాం. నాలుగుసార్లు ఆపాల్సి వచ్చింది. చివరి పది నిమిషాలు నోట్లో పనిముట్టు పెట్టలేదు, బ్రష్ పాఠానికే ఇచ్చాం.

వేవిళ్లలో బ్రష్

ఈ కేసులో ఎక్కువ శ్రమ పడింది ఇక్కడే. స్కేలింగ్ రెండు గంటల పని, బ్రష్ ఏడు నెలల పని.

మొదట సమయం మార్చాం. లేవగానే బ్రష్ చేయాలన్న పట్టుదల వదలమన్నాం. పొద్దున నీళ్లతో పుక్కిలిస్తే చాలు, కడుపు నెమ్మదించిన పదిన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. పెద్ద తలున్న బ్రష్ అంగిలికి తగిలి ఓకరింపు తెప్పిస్తుంది. పిల్లల సైజు తల, మెత్తటి కుచ్చు ఉన్నది ఇచ్చాం. మొదటి నిమిషంన్నర పేస్టు లేకుండా తడి బ్రష్‌తో తోమాలి, చివర్లో మాత్రమే బఠానీ గింజంత పేస్టు. నురుగు తక్కువ వచ్చేది, ఘాటు లేనిది, ఫ్లోరైడ్ 1,450 పీపీఎం ఉన్నది. ఉమ్మేయాలి, నీళ్లతో మళ్లీ కడగొద్దు.

కింది ముందుపళ్ల నుంచి మొదలుపెట్టి పై దవడపళ్ల లోపలివైపుతో ముగించాలి. అక్కడికి వచ్చేసరికి తల ముందుకు వంచి, ముక్కుతో నెమ్మదిగా గాలి వదులుతుంటే ఓకరింపు తగ్గుతుంది. కుచ్చు కొసలు చిగురు అంచు మీద 45 డిగ్రీల వాలులో ఉండాలి, అక్కడక్కడే చిన్నగా కదపాలి. రక్తం వచ్చే చోటును వదిలేయకుండా అక్కడే పది సెకన్లు ఎక్కువ పెట్టమన్నాం. ఆమెకు ఇది తలకిందుల సలహాలా తోచింది. అద్దంలో ఆమె ఎదుటే ఒక వైపు అలా చేసి, మూడు నాలుగు రోజులు రక్తం కొంచెం ఎక్కువ రావచ్చు, వారం పది రోజుల్లో తగ్గాలి, తగ్గకపోతే ఫోన్ చేయమని చెప్పాం. ఈ ముందస్తు మాట చెప్పకపోతే రెండో రోజునే బ్రష్ ఆగిపోతుంది.

పళ్ల సందులకు ఫ్లాస్ బదులు సందు బ్రష్ ఎంచుకున్నాం. రెండు చేతులూ నోట్లో పెట్టాల్సిన పని ఆమెతో కాదు. దవడపళ్లకు 0.5 మి.మీ. తీగ ఉన్నది, ముందుపళ్లకు 0.4. తోస్తే కొంచెం బిగువుగా వెళ్లాలి, తీగ పంటికి గీసుకోకూడదు.

వాంతి అయిన వెంటనే పళ్లు తోమకూడదు. కడుపులోని ఆమ్లంతో ఎనామెల్ పైపొర మెత్తబడి ఉంటుంది, అప్పుడు బ్రష్ పెడితే అరిగిపోతుంది. ఒక కప్పు నీళ్లలో టీస్పూను వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మి, కనీసం అరగంట ఆగాలి. ఈ నీళ్లు మింగకూడదు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది, క్రిములను చంపే పుక్కిలి మందు విషయంలో. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ., నిమిషం చొప్పున రోజుకు రెండుసార్లు పుక్కిలించమని రెండు వారాలకు రాశాం, ఆల్కహాల్ లేనిదే. మూడో రోజుకు ఆ రుచికి వాంతులు పెరిగి ఆపేశారు, దాంతోపాటు రాత్రి బ్రష్ కూడా రెండు రోజులు ఆగింది. రుచికి వాంతి చేసుకుంటున్న మనిషికి చేదు మందు పుక్కిలించమనడమే తప్పు. దాని బదులు సందు బ్రష్‌ను ఆ ద్రవంలో ముంచి, రాత్రి ఒక్కపూట, పది రోజులు మాత్రం వాడమన్నాం. పేస్టులోని నురుగు పదార్థం క్లోర్‌హెక్సిడిన్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి రెంటికీ మధ్య అరగంట ఎడం. అలా సాగింది.

రెండో విజిట్: 36 సంగతి

10వ వారంలో మిగతా స్కేలింగ్ పూర్తిచేశాం. 36 చుట్టూ మాత్రం మత్తు ఇచ్చాం: 2 శాతం లిగ్నోకెయిన్, 1:1,00,000 అడ్రినలిన్‌తో, ఒక కార్ట్రిడ్జ్, 1.8 మి.లీ. అందులో 36 మి.గ్రా. మందు ఉంటుంది, పెద్దవాళ్ల గరిష్ఠ మోతాదుకు చాలా తక్కువ. సూది దించాక వెనక్కి లాగి రక్తనాళంలో లేదని చూసుకొని, నిమిషం పట్టేంత నెమ్మదిగా వదిలాం. మత్తు లేకుండా చేస్తే బిడ్డకు మంచిదన్న ఆలోచన కొందరికి ఉంటుంది. నొప్పితో వచ్చే అడ్రినలిన్ మనం ఇచ్చేదానికన్నా ఎక్కువ, సగంలో ఆగిపోయిన రూట్ (పంటి వేరు) శుభ్రతతో లాభమూ లేదు.

పొడుచుకొచ్చిన ఫిల్లింగ్‌ను సన్నటి ఫినిషింగ్ బర్‌తో, ఆ తర్వాత పట్టీతో అరగదీశాం, ఫ్లాస్ చీలకుండా జారేదాకా. రూట్ ఉపరితలాన్ని గ్రేసీ 13/14తో (దవడపళ్ల వెనక పక్కను గీకే చేతి పనిముట్టు) శుభ్రం చేశాం. ఫిల్లింగ్‌ను పూర్తిగా మార్చలేదు. అది వెండి రంగు అమాల్గమ్ అయి ఉంటే తొలగించే ఆలోచన అసలే చేసేవాళ్లం కాదు, పాదరసపు ఆవిరి దాన్ని కదిలించినప్పుడే ఎక్కువ వస్తుంది.

నొప్పికి అవసరమైతే పారాసిటమాల్ 500 మి.గ్రా. రాశాం, ఒకటే వేసుకున్నారు. ఐబుప్రొఫెన్ లాంటివి రాయలేదు. 20 వారాల తర్వాత అవి శిశువు మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గిస్తాయని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది, మొదటి నెలల్లో కూడా దూరంగా ఉంచడమే పద్ధతి. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. జ్వరం లేదు, చీము లేదు, ముఖం వాపు లేదు. పాచి పొరలోపలికి మాత్ర సరిగా చేరదు. నిజంగా అవసరం పడితే అమాక్సిసిలిన్ ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబం మాత్రం గర్భంలో వాడకూడదు, బిడ్డ పళ్లకు, ఎముకలకు అంటుకుంటుంది.

14వ వారం, 24వ వారం

14వ వారానికి రక్తం వచ్చే చోట్లు 86 నుంచి 41కి దిగాయి (24 శాతం), పాచి 34 శాతానికి. 4 మి.మీ. లేదా అంతకుమించినవి 9. వాంతులు చాలావరకు తగ్గాయి. మిగిలిన రక్తం ఎక్కువగా పై దవడపళ్ల లోపలివైపే. అక్కడికి బ్రష్ వెళ్తోంది కానీ కుచ్చు చిగురు మీద కాక పంటి నడుమ ఆడుతోంది. పిడిని ఎదుటి పెదవి మూల నుంచి తెమ్మని చూపించాక సరిపోయింది. 36 వెనక లోతు 5, ఇంకా రక్తం ఉంది.

24వ వారంలో కొత్త ఫిర్యాదు. కుడివైపు పై పక్కపన్నుకు, కోరపన్నుకు మధ్య చిగురు నుంచి ఎర్రటి, మెత్తటి బుడిపె, 7 మి.మీ., తాకితే రక్తం. ఇంటర్నెట్‌లో చూసి 'గర్భపు ట్యూమర్' అన్న మాట పట్టుకుని కంగారుగా వచ్చారు. పేరులో ట్యూమర్ ఉన్నా ఇది క్యాన్సర్ కాదు, కణితి కూడా కాదు. పాచి, గార రాపిడికి అతిగా స్పందించిన చిగురు, పయోజెనిక్ గ్రాన్యులోమా. గర్భిణుల్లో దాదాపు 5 శాతం దాకా కనిపిస్తుంది.

కారణం వెతికితే దొరికింది. కోరపన్ను ముందు పక్కన, చిగురు కింద 2 మి.మీ. లోతున గార పలుకు. మొదటి విజిట్‌లో ఓకరింపుల మధ్య ఆ మూల తొందరగా ముగించాం, 14వ వారంలో రక్తం ఉన్నా ఎక్స్‌ప్లోరర్‌తో తడిమి చూడలేదు. పొరపాటు మాదే. అప్పుడు ఆ చోట ఆరు అంకెల మధ్య ఒక రక్తపు చుక్కగా ఉన్నది పది వారాల్లో బుడిపె అయింది.

బుడిపెను కోయలేదు. గర్భంలో కోస్తే రక్తం ఎక్కువ, హార్మోన్ ఉన్నంతకాలం మళ్లీ లేచే అవకాశం కూడా ఎక్కువ. నమలడానికి అడ్డం రావడం, పళ్ల మధ్య నలిగి పదేపదే రక్తం కారడం ఉంటేనే కోత. మత్తిచ్చి గార పలుకు తీసి, ఆ సందుకు సందు బ్రష్ నేర్పించి పంపాం. ఈసారి కుర్చీలో ఎడమ పక్కకు కొంచెం ఒరిగేలా కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టాం. 20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు పెద్ద సిరను నొక్కి కళ్లు తిరగొచ్చు. నాలుగు వారాల్లో బుడిపె 4 మి.మీ.కు తగ్గింది.

ఆ విజిట్‌లో నోరంతా కొలిస్తే రక్తం 34 చోట్ల (20 శాతం), పాచి 28 శాతం. 9వ వారం కంటే హార్మోన్ అప్పటికి చాలా పెరిగింది, రక్తం మాత్రం సగానికి తక్కువకు పడింది. పాచి ఏ దిశలో నడిచిందో వాపూ అదే దిశలో నడిచింది.

"దీనివల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా?"

రెండో విజిట్‌లోనే అడిగారు. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పాలి, అబద్ధం కూడా చెప్పకూడదు.

చిగుళ్ల జబ్బు ఉన్న తల్లుల్లో నెలలు నిండని కాన్పులు ఎక్కువని 1996లో ఆఫెన్‌బాకర్ బృందం చూపించాక ఈ చర్చ మొదలైంది. ఫ్యూజోబాక్టీరియం న్యూక్లియేటమ్ అనే నోటి బాక్టీరియాకు ఫాడ్‌ఏ అనే అంటుకునే ప్రోటీన్ ఉంది, దానితో అది రక్తనాళపు గోడ కణాలను విడదీసి దాటగలదు. 2004లో ఎలుకల్లో ఆ బాక్టీరియాను రక్తంలోకి ఎక్కిస్తే మాయలో చేరి పెరిగింది. 2010లో చిగురువాపు ఉన్న ఒక తల్లికి నిండు నెలల్లో చనిపోయి పుట్టిన శిశువులో దొరికిన ఆ బాక్టీరియా, ఆమె చిగురు కింది పాచిలోనిదే అని తేలింది. అంటే దారి ఉంది. ఆ దారిన ఎంతమందిలో ప్రయాణం జరుగుతుందన్నది వేరే ప్రశ్న.

చికిత్స చేస్తే ముప్పు తగ్గుతుందా అని 2006లో 823 మంది గర్భిణుల మీద పరీక్షించారు. 13 నుంచి 21 వారాల మధ్య స్కేలింగ్, రూట్ శుభ్రత చేసినవాళ్లలో నెలలు నిండని కాన్పులు 12.0 శాతం, కాన్పయ్యాక చేసినవాళ్లలో 12.8. తేడా లేనట్టే. అదే పరీక్ష చికిత్స సురక్షితమని కూడా నిరూపించింది, చిగుళ్లు బాగుపడ్డాయి. అప్పటికే ఆలస్యమైందేమో, గర్భానికి ముందో మొదటి వారాల్లోనో చేయాలేమో అన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. మలావీలో 10 వేలకు పైగా స్త్రీలతో జరిగిన జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) చూయింగ్ గమ్ పరీక్ష ఆ దారిలోదే. గర్భానికి ముందు లేదా 20 వారాల లోపు మొదలుపెట్టి నమిలినవాళ్లలో నెలలు నిండని కాన్పులు 12.6 శాతం, నమలనివాళ్లలో 16.5 అని 2022లో ప్రకటించారు. దంతవైద్యం అందుబాటు చాలా తక్కువ ఉన్న చోటి ఫలితం అది. ఈమె కూడా ఆ గమ్ గురించి అడిగారు. తిన్న తర్వాత చక్కెర లేనిది పది నిమిషాలు నమలడంలో తప్పు లేదు, ఎక్కువైతే కడుపు కదులుతుంది, సందు బ్రష్ బదులు మాత్రం కాదు అన్నాం.

ఆమెకు చెప్పిన జవాబు ఇది: "ఈ చికిత్స మీ చిగుళ్ల కోసం, మీ పంటి ఎముక కోసమమ్మా. కాన్పు నెలలు నిండాకే అవుతుందని దీనితో హామీ ఇవ్వలేం. చేయించుకుంటే బిడ్డకు హాని మాత్రం లేదు."

కాన్పు 38వ వారంలో అయింది. దాన్ని మా ఖాతాలో వేసుకోవడం లేదు.

కాన్పయ్యాక 12 వారాలకు

ఇంకా ముందే కొలవలేదు, ఎందుకంటే మొదటి నెలన్నర నిద్రలేమిలో బ్రష్ మళ్లీ గాడి తప్పుతుంది, ఆ కొలత హార్మోన్ తగ్గడం గురించి ఏమీ చెప్పదు. 12 వారాలకు రక్తం 19 చోట్ల, 11 శాతం. 10 శాతం హద్దుకు ఇంకా పైనే ఉంది కాబట్టి 'నయమైంది' అని రాయలేదు, కొన్ని చోట్లకే పరిమితమైన చిగురువాపు అని రాశాం. పాచి 21 శాతం. ఉత్తుత్తి పాకెట్లు 22కు 22 పోయాయి. బుడిపె ఉన్న చోట మిల్లీమీటరు ఎత్తు గట్టి చిగురు మిగిలింది, కోయాల్సిన పని లేదు.

4 మి.మీ. ఉన్నది ఒక్కటే, 36 వెనక పక్క. రక్తం లేదు. కాన్పుతో పోవాల్సిందంతా పోయాక మిగిలిందిది, గర్భం తేనిది. వెనక పంటితో కలిసే చోట ఫిల్లింగ్ వదులుగా ఉండి తిన్నది ఇరుక్కుంటోంది, అరగదీయడంతో ఆ లోపం తీరదు. అదే వారం పాత ఫిల్లింగ్ తీసి, సెక్షనల్ మాట్రిక్స్ (ఫిల్లింగ్‌కు పంటి ఆకారమిచ్చే పలచటి లోహపు పట్టీ), దాన్ని బిగించే చిన్న మేకు పెట్టి కొత్తది వేశాం. ఫ్లాస్ టక్కుమని శబ్దంతో దాటేదాకా చూసుకున్నాం. తర్వాతి కొలత మూడు నెలలకు, బైట్‌వింగ్ ఏడాదికి, మళ్లీ గర్భం అనుకుంటే అంతకుముందే ఒకసారి.